పెద్దలకు ఆంగ్లోచ్చారణము - కంప్యూటరు సాయము

పిల్లలను మన పాఠశాలలో చేర్చుటకై వచ్చు తలిదండ్రులు ఏటేట అడుగు ప్రశ్న యొకటి కలదు. "తెలుగుల చదివినోనికి ఇంగ్లీషు నోరు తిరుగుతదా సారూ?" అని. ఈ ప్రశ్న పిల్లవానిని గూర్చినదివలె కనబడును గాని, విచారించి చూచినచో అడుగువారిని గూర్చినదే. నది దాటి ఆస్పత్రికి పోయినను, పట్టణమున కొలువుచేయు కొడుకునకు ఫోను చేయబోగా నడుమ ఒక కంఠము ఆంగ్లమున పలికినను, వారి నోరు మూతపడుచున్నది. ఆ భయముచేతనే పిల్లవానిని తెలుగు బడి మాన్పించి వేరొక బడికి పంపుచున్నారు. కావున పెద్దల ఆంగ్లోచ్చారణము మన బడికి సంబంధింపని విషయమని యెవరును తలపరాదు.

సిరొంచ ప్రాంతము 1860లో నైజాము చేతినుండి ఆంగ్లేయుల ఏలుబడిలోనికి వచ్చెను. 1956లో మధ్యప్రదేశమునుండి బొంబాయి రాష్ట్రములోనికిని, 1960లో మహారాష్ట్రములోనికిని, 1982లో క్రొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లాలోనికిని చేరెను. ఇన్ని మార్పులు జరిగినను ఇంటిలో తెలుగు నిలిచినది. అల్పసంఖ్యాక భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు చదువు చెప్పు సౌకర్యములు కల్పింపవలెనని రాజ్యాంగమున 1956లో 350-ఎ అధికరణము చేర్చబడెను. హక్కు కాగితముమీద నున్నది. తండ్రియే వెరచి బిడ్డను తీసికొనిపోయినచో ఆ హక్కు ఎవరికి?

ఇప్పుడు ఉచ్చారణము నేర్పు సాఫ్టువేరులు వచ్చినవి; చేతిలోని ఫోనులోనే పనిచేయును. పూర్వము గ్రామఫోను, పిదప రేడియో, టేపురికార్డరు ఆంగ్లమును వినిపించినవి గాని మనము పలికినదానిని వినలేదు. ఇవి వినును. మన మాటను సెకనులో నూరవవంతు చొప్పున ముక్కలుచేసి, అనేకుల కంఠములనుండి ముందుగా నేర్చుకొనిన ధ్వనుల నమూనాలతో పోల్చి, ఎంతవరకు సరిపోయినదో లెక్కగట్టి మార్కులు వేయును. గూగుల్ సంస్థ 2019 మార్చిలో మన దేశమున 'బోలో' అను పేర విడుదలచేసి, పిమ్మట 'రీడ్ అలాంగ్' అని పేరు మార్చినది ఈ తరగతిలోనిదే. అది పిల్లల పఠనమునకై చేయబడినది. కథలను ఒకసారి దింపుకొనినచో ఇంటర్నెట్టు లేకున్నను నడచునట్లు దానిని కూర్చిరి. అడవి గ్రామములవారికి ఇట్టి ఏర్పాటు ఎంత అవసరమో వేరుగ చెప్పనక్కరలేదు.

పెద్దవారికి యంత్రమువలన గలుగు గొప్ప మేలు సిగ్గు తీరుట. నలువదియైదేండ్ల మనిషి తనకంటె చిన్నవాడైన ఉపాధ్యాయుని యెదుట ఒకే మాటను ఇరువదిమార్లు పలుకజాలడు. పలికినను నాలుగవమారు ఉపాధ్యాయుని ముఖమున విసుగు కనబడును. నా ముఖముననే కనబడినదని నా భార్య చెప్పినది. యంత్రము విసుగుకొనదు, ఊరిలో చెప్పదు.

నే నెరిగిన కిరాణా వర్తకు డొకరు రాత్రి కొట్టు కట్టివేసిన పిదప ఇట్లే అభ్యాసము చేయుచుండెను. ఒకనాడు మొగము వ్రేలవేసికొని వచ్చి, "నా నాలికనే బాగలేదు సారూ, గీ ఫోను ఒప్పుకుంటలేదు" అనెను. చూడగా 'విలేజ్' అను మాట. ఇరువదిమార్లు పలికినను తప్పనియే చూపుచున్నది. ఆయన వాడిన సాఫ్టువేరు తప్పు అని చెప్పినదేగాని ఎట్లు దిద్దుకొనవలెనో చెప్పలేదు. చెప్పిన రెండు మాటలును ఆంగ్లములోనివే. నేను అద్దము తెప్పించి, "పై పండ్లను క్రింది పెదవిపై ఆనించి ఊదుము" అంటిని. మూడవమారునకు ఫోను ఒప్పుకొనినది.

ఇందులో నా పాండిత్యమేమియు లేదు. వకారము దంత్యోష్ఠ్యమని మన వ్యాకరణము చెప్పియే యున్నది. కంఠ్యములు, తాలవ్యములు, మూర్ధన్యములు, దంత్యములు, ఓష్ఠ్యములు అని నోటిలో ధ్వని పుట్టుచోటును బట్టి అక్షరములను కూర్చిన వర్ణమాల మనది. బాల్యమున బట్టీపట్టి మరచిన ఆ మాటలే ఆంగ్లధ్వనులు నేర్పుటకు పనికివచ్చును. నిత్యవ్యవహారమున మనము వకారమును పెదవులు మాత్రము దగ్గరచేసి పలుకుచున్నాము. ఆంగ్లమునకు 'వి', 'డబ్ల్యు' అని రెండు వేర్వేరు ధ్వనులు కావలెను. ఈ భేదము తెలుగులో చెప్పినచో నిమిషము పట్టును.

మనకు ముందే యున్న మేలునుగూడ లెక్కింపవలెను. ఎ-ఏ, ఒ-ఓ అను హ్రస్వదీర్ఘభేదము తెలుగున కలదు, మరాఠీలో లేదు. కావున పడమర యను 'వెస్ట్', వ్యర్థమను 'వేస్ట్' మన నోట సులభముగా వేరుపడును. మన చిక్కులు వేరు. హల్లుతో ముగియు మాటకు అచ్చు తగిలించి బస్సు, రోడ్డు అందుము. మొదటి ఎకారమునకు యకారము చేర్చి 'ఎగ్'ను 'యెగ్గు' చేయుదుము. తూర్పు పాకిస్తానమునుండి వచ్చి ముల్చేర తాలూకాలో స్థిరపడిన బెంగాలీ కుటుంబములవారు వకారమును బకారముగా పలుకుదురు. తెలుగువాని తప్పు ఒకటి, బెంగాలీవాని తప్పు మరొకటి. ఒకే బల్లవద్ద కూర్చున్న ఇరువురికి ఒకే పాఠము వేయు సాఫ్టువేరు ఇరువురి సమయమునుగూడ కొంత పాడుచేయును.

అన్నిటికంటె పెద్ద చిక్కు ఊనిక. 'రికార్డు' అను మాటను ఆంగ్లమున తొలి అక్షరముపై ఊని పలికిన నామవాచకము. రెండవదానిపై ఊనిన క్రియ. తెలుగున ఊనికవలన అర్థము మారదు గనుక మన చెవి దానిని పట్టదు. 1958లో హైదరాబాదున స్థాపింపబడి నేడు ఆంగ్ల, విదేశీభాషల విశ్వవిద్యాలయమైన సంస్థలో పనిచేసిన బన్సల్ గారు, భారతీయుల ఆంగ్లము ఇతరులకు ఎందుకు అర్థము గాదో పరిశోధించి 1969లో ప్రకటించిరి. మాటలయందు ఊనిక తప్పుట ముఖ్యకారణములలో నొకటియని వారు కనుగొనిరి. దీనిని కంటికి చూపుటకు ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయమువారు చేసిన 'ప్రాట్' అను ఉచిత సాఫ్టువేరు కలదు. డచ్చి భాషలో ఆ మాటకు మాటలాడుమని అర్థము. మన స్వరము ఎక్కడ హెచ్చినదో, ఎక్కడ తగ్గినదో గీతగా గీసి చూపును. చెవికి అందనిది కంటికి అందును. అది మార్కులు వేయదు. అందుచేతనే నాకది ప్రీతి.

మార్కులను నేను అంతగా నమ్మను. యంత్రము చెవి ఎవరి కంఠములు విని పెరిగినదో వారికే అది చుట్టము. అమెరికాలో 2020లో వెలువడిన యొక పరిశోధనలో, ఐదు ప్రసిద్ధ సంస్థల శ్రవణయంత్రములు తెల్లవారి మాటలలో నూటికి 19 తప్పుగా గ్రహింపగా, నల్లవారి మాటలలో 35 తప్పుగా గ్రహించినవని తేలెను. ఆంగ్లమే మాతృభాషగా గలవారి గతి ఇట్లున్నది! నేను ఒకనాడు 'ప్రాణహిత' అని పలుకగా నా ఫోను దానిని నాలుగు ఆంగ్లపదములుగా వ్రాసినది. అది నది తప్పు గాదు, నా తప్పును గాదు. ఈ సంగతి తెలియని వర్తకుడు తన నాలుకనే నిందించుకొనెను. ఎదుటివానికి అర్థమైనచో చాలును. లండను యాసలో పలుకకున్న మార్కులు కోసివేయు యంత్రమును మూయవచ్చును.

కావున పెద్దలను ఫోనుతో ఒంటరిగా వదలక, తెలుగు తెలిసిన మనిషి నొకనిని ప్రక్కన కూర్చుండబెట్టవలెనని నా అభిప్రాయము. సాయంకాలము బడి వదలిన పిదప మన కంప్యూటరు గదికి తాళము పడుచున్నది. వారమునకు రెండుదినములు దానిని తలిదండ్రులకు తెరువవచ్చును. ఒక్కొక్క బల్లవద్ద తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు, చేతిలో చిన్న అద్దము. యంత్రము తప్పనినప్పుడు నోరు ఎట్లుంచవలెనో విద్యార్థి తెలుగులో చెప్పును. యంత్రమే తప్పినప్పుడు దానిని ఉపాధ్యాయునికి చూపును. ఇంటినుండి తెచ్చిన మాటలే పాఠము: ఆస్పత్రి చీటిలోనివి, మందుల పేరులు, బ్యాంకువారు అడుగు ప్రశ్నలు. చెప్పుచు చెప్పుచు ఆ విద్యార్థికిని ఊనిక పట్టుబడును.

ఈ మాట వర్తకునితో అంటిని. కొట్టు అరగంట ముందుగా కట్టి వత్తునని యొప్పుకొనెను. తన కొడుకు కూర్చుండు బల్లవద్ద మాత్రము కూర్చుండనని షరతు పెట్టెను.