నాకు పాస్టర్ ఎవరు?

ఐదు వారాలుగా ఈ కాలమ్ రాలేదు. 'అయ్యగారు, ఏమైపోయిండ్రు?' అని కొందరు మెసేజ్‌లు పెట్టారు. కారణం చిన్నదే. సరిగ్గా చెప్పాలంటే మూడు కిలోల ఇరవై గ్రాములు. మా ఇంట్లో ఆడబిడ్డ పుట్టింది.

అభినందనలు తర్వాత చెబుదురు గానీ, ముందు నేను చేసిన తప్పు వినండి.

నేను హనుమకొండలో ఒక చిన్న సంఘానికి కాపరిని. ఎనభై కుటుంబాలు, రేకుల షెడ్డు, ఒక కీబోర్డు, రెండు స్పీకర్లు. మామూలు వారం ఎలా ఉంటుందంటే... ఆదివారం ఆరాధన, మంగళవారం స్త్రీల కూడిక, శుక్రవారం ఉపవాస ప్రార్థన. మధ్యలో ఎవరి ఇంట్లోనో గృహప్రవేశం, ఎవరిదో భూస్థాపన, ఎంజీఎంలో ఎవరో అడ్మిట్ అయ్యారని పరుగు. పాస్టర్ ఫోన్‌కు స్విచ్ ఆఫ్ ఉండదు. ఉండకూడదని నేనే పెట్టుకున్న రూలు అది.

మన దగ్గర తొలి కాన్పు అంటే పుట్టింటికి పంపడం ఆనవాయితీ. మూడు నెలలో ఐదు నెలలో అక్కడే ఉంటారు. మొగుడు శనివారం బస్సెక్కి వెళ్లి, బిడ్డను ఒళ్లో పెట్టుకుని నాలుగు ఫొటోలు దిగి, సోమవారం తిరిగొస్తాడు. రాత్రిళ్లు ఎవరు మేలుకున్నారో, గుడ్డలు ఎవరు ఉతికారో ఆయనకు తెలియదు. అందుకే మన మగవాళ్లలో చాలామందికి 'పిల్లలు వాళ్లే పెరుగుతారు' అని ఒక నమ్మకం.

మాకు ఆ వెసులుబాటు దొరకలేదు. నర్సంపేటలో మా అత్తమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది. లేచి నిలబడటానికే ఇంకో మనిషి కావాలి. మా అమ్మ పరకాల దగ్గర మా ఊరి నుంచి వచ్చి ఆరు రోజులు ఉంది. బిడ్డకు నీళ్లు పోసింది, సాంబ్రాణి పొగ వేసింది, వెల్లుల్లి కారంతో పథ్యం వండి పెట్టింది. పత్తిలో కలుపు మీద పడిందని బాపు ఫోన్ చేస్తే, కళ్లనీళ్లు పెట్టుకుంటూ బస్సెక్కింది.

ఇక ఇంట్లో మేం ముగ్గురం. అంటే, లెక్కకు ముగ్గురం.

బిడ్డ పుట్టింది గురువారం. ఆదివారం నేను ప్రసంగ వేదిక మీద ఉన్నాను. 'మూడు రోజుల బిడ్డను వదిలి వచ్చిండు మన అయ్యగారు' అని ఒక పెద్దాయన సాక్ష్యంలో చెబితే అందరూ చప్పట్లు కొట్టారు. నిజం చెప్పొద్దూ, ఆ చప్పట్లు నాకు బాగున్నాయి. ఆ వారంలో ఒక భూస్థాపన, రెండు గృహప్రవేశాలు, ఉపవాస ప్రార్థన... ఏదీ వదల్లేదు.

ఇంకో సంగతి. పాస్టర్‌కు బిడ్డ పుడితే సంఘమంతా చూడటానికి వస్తుంది. ప్రేమతోనే వస్తారు. పండ్లు తెస్తారు, బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేస్తారు. తర్వాత కూర్చుంటారు. వచ్చినవాళ్లకు టీ ఇవ్వాలి కదా? ఆరో రోజు మధ్యాహ్నం నేను ఒక ఇంటి ప్రార్థన నుంచి వచ్చేసరికి, కుట్లు ఇంకా మానని నా భార్య స్టవ్ ముందు నిలబడి తొమ్మిది మందికి టీ పెడుతోంది. నేను చేసిందేంటో తెలుసా? పదో కప్పు అడిగాను.

తొమ్మిదో రోజు రాత్రి రెండు గంటలకు ఫోన్ మోగింది. అదే నిమిషంలో బిడ్డ కూడా లేచింది. సంఘంలో ఒక అక్క. వాళ్లాయనకు ఛాతీలో నొప్పి, ఆసుపత్రికి తీసుకెళ్తున్నారు. నేను చొక్కా తొడుక్కుని బండి తీశాను. దేవుడి దయవల్ల గ్యాస్ నొప్పి అని తేలింది. ఇంటికి వచ్చేసరికి తెల్లవారుతోంది.

లైటు వెయ్యలేదు. తను మంచం అంచున కూర్చుని ఉంది. బిడ్డ ఒళ్లో నిద్రపోతోంది. తను ఏడుస్తోంది. శబ్దం లేకుండా, చాలాసేపటి నుంచి ఏడుస్తున్నట్టు. 'ఏమైంది?' అన్నాను. సంఘంలో నన్ను 'అయ్యగారు' అని పిలిచే మనిషి, ఇంట్లో మాట్లాడే భాషలో మెల్లగా అడిగింది.

'సంఘంల ఎవరికి ఏమైనా నీకు ఫోన్ చేస్తరు. నువ్వు ఉరుకుతవ్. నాకు ఏమన్నైతే నేనెవరికి చెయ్యాలె? నాకు పాస్టర్ ఎవరు?'

నా దగ్గర ప్రతి ప్రశ్నకూ ఒక వాక్యం ఉంటుంది. ఆ పొద్దున ఒక్కటీ నోటికి రాలేదు.

బైబిల్ కాలేజీలో చదువుకున్న ఒక సంగతి ఆ రోజంతా నన్ను వెంటాడింది. 1793 జూన్‌లో విలియం కేరీ ఇంగ్లండ్ నుంచి మన దేశానికి ఓడెక్కాడు. భార్య డొరొతీ ఒళ్లో అప్పుడు నెల రోజుల పసివాడు. ఆమెకు రావడం ఇష్టం లేదు. చెల్లెలు తోడుగా వస్తుందంటేనే చివరికి ఒప్పుకుంది. మరుసటి ఏడాది ఐదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మనసు చెదిరిపోయింది, మళ్లీ కోలుకోలేదు. 1807లో కన్నుమూసింది. కేరీ మాత్రం ఎన్నో భాషల్లో బైబిల్ అచ్చు వేయించాడు. 1818లో సేరంపూర్ ప్రెస్ నుంచి తెలుగు కొత్త నిబంధన వచ్చింది కూడా ఆయన చలవే. కేరీ మీద నేను పరీక్షలో నాలుగు పేజీలు రాశాను. డొరొతీ గురించి ఒక్క లైను. అదీ 'భార్య అనారోగ్యం ఆయన సేవకు ఆటంకమైనా' అని మొదలుపెట్టి.

ఆటంకం! ఎవరు ఎవరికి ఆటంకమో ఎన్నడూ ఆలోచించలేదు.

ఇంకోటి కూడా గుర్తొచ్చింది. నిర్గమకాండం 18వ అధ్యాయం. మోషే పొద్దున్నుంచి సాయంత్రం దాకా జనం తగవులు ఒక్కడే తీరుస్తుంటాడు. మామ యిత్రో చూసి అల్లుడికి గట్టిగానే క్లాసు పీకుతాడు. ఇట్లయితే నువ్వూ పోతవ్, జనమూ పోతరు, వెయ్యిమందికొకణ్ని, వందమందికొకణ్ని, పదిమందికొకణ్ని పెట్టి పని పంచు అని దాని సారం. ఈ అధ్యాయం మీద నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. కానీ మామ ఉత్త చేతులతో రాలేదు. పుట్టింట్లో ఉన్న సిప్పోరాను, ఇద్దరు కొడుకులను వెంటబెట్టుకుని వచ్చాడు. అధ్యాయం మొదలయ్యేదే అక్కడ. నేను ప్రతిసారీ ఆ ముక్క దాటేసి నేరుగా తగవుల దగ్గరికి వెళ్లిపోయేవాణ్ని.

ఆ సాయంత్రమే సంఘ పెద్దలను కూర్చోబెట్టాను. 'నాకు నాలుగు వారాలు సెలవు కావాలి' అని చెప్పడానికి పావుగంట నీళ్లు నమిలాను. భయం రెండు రకాలు. మా ఇల్లు గడిచేది కానుకల మీద. పైగా మన ఊళ్లో వీధికో సంఘం ఉంది. ఇక్కడ పాస్టర్ దొరక్కపోతే పక్క సంఘానికి వెళ్తారు. ఇది పైకి చెప్పే భయం. లోపలి భయం వేరే. నేను లేకుండా కూడా అంతా సాఫీగా జరిగిపోతే?

మా పెద్దల్లో ఒకాయన కాజీపేటలో రిటైర్ అయిన లోకో పైలట్. అంతా విని ఆయన అన్నాడు. 'అయ్యగారు, నేను ముప్పై ఏండ్లు రైలు నడిపిన. కాజీపేటల డ్రైవర్ దిగుతడు, ఇంకొకడు ఎక్కుతడు. బండి ఢిల్లీకి పోతది. నేను దిగను, ఢిల్లీ దాంక నేనే నడుపుత అంటే భక్తి అంటరా దాన్ని? బండ్ల ఉన్నోళ్లకు ప్రమాదం అంటరు.'

ఆ మాటతో చర్చ అయిపోయింది. రాత్రి పది దాటితే ఫోన్లు ముగ్గురు పెద్దలకు, వంతుల వారీగా. ఉపవాస ప్రార్థన యవ్వనస్థులకు. ఆదివారం వాక్యం ఇద్దరు పెద్దలకు. బిడ్డను చూడటానికి సాయంత్రం ఒక కుటుంబమే, పావుగంటే, టీ లేదు. స్త్రీల కూడికలో ఒక పెద్దమ్మ ఇంకో అడుగు ముందుకేసింది. 'వచ్చేటోళ్లు ఉత్తగ రావద్దు. ఒక కూర పట్కరండ్రి, లేకుంటె ఒక బకెట్ బట్టలు ఉతికిపోండ్రి' అని తేల్చి చెప్పింది.

మా వీధి ఆశా కార్యకర్త గురించీ చెప్పాలి. ఆసుపత్రిలో కాన్పయితే వాళ్లు 3, 7, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికి వచ్చి తల్లినీ బిడ్డనూ చూడాలి. పద్నాలుగో రోజు వచ్చినప్పుడు బిడ్డను తూచి, మా ఆమె వైపు తిరిగి 'నిద్ర పడుతుందా? ఊరికె ఏడుపొస్తుందా?' అని అడిగింది. తను అవునంది. డాక్టర్ దగ్గరికి వెళ్లాం. కాన్పు తర్వాత వచ్చే దిగులు చాలామందికి వస్తుందని, మాట్లాడితే, నిద్ర దొరికితే, అవసరమైతే మందులతో తగ్గుతుందని ఆమె వివరించారు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బులెటిన్‌లో వచ్చిన ఒక సమీక్ష ప్రకారం మన దేశంలో కొత్త తల్లుల్లో దాదాపు 22 శాతం మందికి ఈ దిగులు ఉంటుంది. అంటే ఐదుగురిలో ఒకరు. మా సంఘంలో ఎన్ని ఇళ్లలో ఉందో, ఎన్ని ఇళ్లలో నేను 'విశ్వాసం పెంచుకో అమ్మా' అని చెప్పి వచ్చేశానో. తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అంతా బాగా జరిగిందని చెబితే అబద్ధమే. ఒక కుటుంబం మా సంఘం వదిలి వెళ్లిపోయింది. 'పాస్టర్ డాబా మీద గుడ్డలు ఆరేసుకుంట కూసున్నడు' అన్నారట. అది నిజమే, ఆరేశాను. అంతకన్నా బరువైంది ఇంకోటి. సెలవులో మూడో వారం మా సంఘంలో ఒక తాత చనిపోయాడు. ఆఖరి రాత్రి ఆయన పక్కన ఉన్నది నేను కాదు, మా లోకో పైలట్ పెద్దాయన. పొద్దున తెలిసింది. భూస్థాపనకు వెళ్లాను గానీ అవ్వ ముఖంలోకి చూడలేకపోయాను. ఆమే నా చెయ్యి పట్టుకుంది. 'బిడ్డ మంచిగున్నదా అయ్యా?' అంది. అంతే. ఆ తాత పక్కన నేను ఉండాల్సిందన్న బాధ ఇప్పటికీ ఉంది. ఉండనివ్వండి. రెండు చోట్లా ఉండలేకపోవడం నేరం కాదు. ఒక చోట ఎప్పుడూ లేకపోవడమే నేరం.

ఇది చదివే మీలో పాస్టర్లు ఎందరో తెలియదు. హైదరాబాద్‌లో లాగిన్ అయ్యేవాళ్లు, బండి మీద ఆర్డర్లు మోసేవాళ్లు, షాపు నడిపేవాళ్లే ఎక్కువ ఉంటారు. తల్లికి చట్టం ప్రకారం మొదటి ఇద్దరు పిల్లలకు 26 వారాల సెలవు ఉంది. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి 15 రోజులు. ప్రైవేటు ఉద్యోగంలో ఉన్న తండ్రికి అలాంటి చట్టం లేదు. కంపెనీ ఇస్తే ఇచ్చినట్టు. బండి మీద తిరిగేవాళ్లకూ నాలాంటివాళ్లకూ అదీ లేదు. కాబట్టి అడగాల్సింది మనమే. అదీ కాన్పుకు ముందే. రాత్రి ఎవరు లేవాలి, బట్టలు ఎవరు ఉతకాలి, చుట్టాలను గుమ్మం దగ్గర ఎవరు ఆపాలి... ఒక కాగితం మీద పేర్లతో రాసుకోండి. అన్నిటి ఎదురుగా ఒకే పేరు కనిపిస్తే, ఆ పేరు మీది కాకపోతే, కాగితం చించి మళ్లీ రాయండి. తనకు దిగులుగా ఉందనిపిస్తే ఎదురుచూడొద్దు. టెలీ మానస్ నంబరు 14416. ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఈరోజు మా బిడ్డకు నలభై రెండో రోజు. ఆశా కార్యకర్త ఆఖరిసారి వచ్చి తూకం చూసి, 'బుగ్గలొచ్చినయ్' అని నవ్వి వెళ్లింది. గత ఆదివారం నుంచి నేను మళ్లీ డ్యూటీ ఎక్కాను. రాత్రి ఫోన్ల వంతు మాత్రం అలాగే ఉంచాం. నాలుగు రోజులకోసారి నాది.

తను అడిగిన ప్రశ్నకు ఇంకా పూర్తి జవాబు దొరకలేదు. మొగుడు మొగుడే, పాస్టర్ కాలేడు. అయితే మంగళవారాలు ఆ పెద్దమ్మ వస్తుంది. ప్రార్థన చెయ్యడానికి కాదు, తను చెప్పేది వినడానికి. వాళ్లు తలుపు దగ్గరేసుకుంటారు. ఆ గంటన్నరా బిడ్డ నా భుజం మీద, నేను డాబా మీద. లోపల ఏం మాట్లాడుకుంటారో నేను అడగను. మొన్న మాత్రం కిందినుంచి నవ్వు వినిపించింది. నలభై రోజుల్లో అదే మొదటిసారి.