సలాహ్‌ని ఇచ్చేసిన సౌదా

బేరం మంచిదో చెడ్డదో తేల్చాల్సింది బేరం కుదిరిన రోజున. నెల తర్వాత స్కోర్లు చూసి ‘నేను ముందే చెప్పా’ అనేవాళ్ళు ప్రతి ఖాందాన్‌లోనూ ఉంటారు. వాళ్ళ మాటకి ఇన్సాఫ్ అని పేరు పెట్టొద్దని నా గుజారిష్. ఈ మాట ప్లాటు రిజిస్ట్రేషన్ గురించి కాదు, మన పిల్లలు ఫోన్లలో ఆడే ఫాంటసీ ఫుట్‌బాల్ గురించి. నవ్వకండి జనాబ్. ఒక్క సౌదా వల్ల మా ఆపా ఇంటికీ, కువైట్‌లో ఉన్న భాయీజాన్ ఇంటికీ మధ్య మూడు వారాలుగా సలాం-దువా కూడా లేదు.

ఆట తెలియని అమ్మీజాన్‌లకీ అబ్బాజాన్‌లకీ రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లో ప్రీమియర్ లీగ్ అని 20 క్లబ్బుల పోటీ జరుగుతుంది. అందులో నిజంగా ఆడే ఆటగాళ్ళలోంచి 15 మందిని ఏరుకుని ఫోన్‌లో మనదొక టీమ్ కట్టుకుంటాం: ఇద్దరు గోల్‌కీపర్లు, ఐదుగురు డిఫెండర్లు, ఐదుగురు మిడ్‌ఫీల్డర్లు, ముగ్గురు ఫార్వర్డ్‌లు. వారం వారం వాళ్ళలో 11 మందిని దించుతాం. ఫార్వర్డ్ గోల్ కొడితే 4 పాయింట్లు, మిడ్‌ఫీల్డర్ కొడితే 5, డిఫెండర్ కొడితే 6, గోల్‌కి పాస్ అందించినవాడికి 3. వాళ్ళక్కడ చలిలో చెమటోడిస్తే ఇక్కడ మన హిసాబ్ పెరుగుతుంది. మేం ఆడేది డ్రాఫ్ట్ రకం. అందులో ఒక ఆటగాడు లీగ్ మొత్తంలో ఒక్కడి దగ్గరే ఉంటాడు, కావాలంటే ఆ ఒక్కడితో మార్పిడికి బేరమాడాలి. మా లీగ్‌లో ఎనిమిది మంది. నెల్లూరు, ముత్తుకూరు, కావలి, చెన్నై, ఇద్దరు కువైట్‌లో. పెత్తనం నా మీద పెట్టారు.

నవంబరు మొదటి వారంలో, ఇంటర్ చదివే మా భాంజా ఒక సౌదా కుదుర్చుకున్నాడు. తన దగ్గరున్న మహమ్మద్ సలాహ్‌నీ, మ్యాచ్‌లో దిగడమే అరుదైన ఒక ఫార్వర్డ్‌నీ కువైట్ భాయీజాన్‌కి ఇచ్చాడు. బదులుగా అప్పట్లో బోర్న్‌మత్ మిడ్‌ఫీల్డర్‌గా ఉన్న సెమెన్యోనీ, క్రిస్టల్ ప్యాలెస్ ఫార్వర్డ్ మటెటానీ తీసుకున్నాడు.

గ్రూపులో తూఫాన్. మన ఇళ్ళల్లో సలాహ్ అంటే మామూలు ఆటగాడు కాదు గదా. గోల్ కొట్టి సజ్దా చేసే మనిషి. ఆఫ్‌సైడ్ అంటే ఏంటో తెలియని మా నానీమా కూడా ఆ మొహం గుర్తుపడుతుంది. పైగా 2024-25 సీజన్‌లో 29 గోల్స్, 18 అసిస్ట్‌లు, ఫాంటసీ లెక్కలో 344 పాయింట్లు. 2017-18లో తను పెట్టిన 303 రికార్డుని తనే దాటేశాడు. అలాంటోణ్ణి ఇచ్చేస్తే ఆపాకి కోపం రాదా? ఫోన్ చేసింది. “పిల్లోడు నాదాన్. పెద్దోడై ఉండి వాణ్ణి లూటీ చేసినాడు. నువ్వు అడ్మిన్‌వే గదా, రద్దు చెయ్యి.”

చెయ్యనన్నాను.

నా హిసాబ్ ఇది. సౌదాలో పేర్లు తూచకూడదు, రెండు టీముల్లో దిగే పదకొండు మందిని తూచాలి. బెంచి మీద కూచున్నవాడు ఎంత గొప్పోడైనా వాడి పాయింట్లు మనకి రావు. భాంజా దగ్గర ఫార్వర్డ్‌ల కరువు. పదకొండో స్థానంలో వారానికి 2 పాయింట్లు తెచ్చేవాణ్ణి దించుకుంటున్నాడు. సలాహ్‌కి వారానికి 6 అనుకుందాం, నా అందాజా మాత్రమే. సలాహ్, ఆ పదకొండో వాడు కలిపి 8. సౌదా తర్వాత సెమెన్యోకి 5, మటెటాకి 4, మొత్తం 9. ఒక పాయింటు మిగులు. మరి భాయీజాన్? ఆయన దగ్గర ఫార్వర్డ్‌లు ఎక్కువై, బాగా ఆడే ఒకడు ఊరికే కూచుని ఉన్నాడు, వాడికి 3.5 వెయ్యండి. ముందు సెమెన్యో, మటెటా కలిపి 9. తర్వాత సలాహ్ 6, ఆ కూచున్నవాడు 3.5, మొత్తం తొమ్మిదిన్నర. ఆయనకీ అర పాయింటు మిగులు. ఇద్దరూ బాగుపడ్డారు. లూటీ యాడ జరిగింది?

ఇది మన నెల్లూరోళ్ళకి కొత్తగా చెప్పాల్సిన సంగతి కాదు. ప్రతి మొహర్రంకి బారా షహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో దిగి జనం రొట్టెలు మార్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్ళి రొట్టె, ఉద్యోగం రొట్టె, విదేశీ రొట్టె. (ఆ రివాజు మీద మన ఇళ్ళల్లో బహస్ ఉంది, తెలుసు. దాన్ని ఇక్కడికి లాగొద్దు.) అదే పిండి, అదే పెనం. రొట్టెని తూకం వేసి ఎవరూ తీసుకోరు. కొలువు దొరికినవాడు ఉద్యోగం రొట్టె ఇస్తాడు, కొలువు కావాల్సినవాడు పట్టుకుపోతాడు. ఎవరికి ఏది లోటో అదే దాని ఖీమత్. నెట్‌లో దొరికే సౌదా లెక్కల యాప్‌లు చాలావరకు ఈ ముక్క పట్టించుకోవు. ఇటు ఇద్దరి మార్కులు, అటు ఇద్దరి మార్కులు కూడి ఎర్ర రంగో పచ్చ రంగో చూపిస్తాయి. ఆపా నాకు పంపింది అలాంటి ఎర్ర రంగు ఫొటోనే.

ఇంకో సంగతి తారీఖులది. 2025 డిసెంబరు 21న మొరాకోలో ఆఫ్రికా కప్ మొదలై 2026 జనవరి 18 దాకా నడిచింది. ఈజిప్ట్ ఆడింది గనక ఆ రోజుల్లో సలాహ్ లివర్‌పూల్‌కి లేడు. సెమెన్యోది ఘానా. ఘానా ఆ కప్‌కి అర్హత సాధించలేదు, కాబట్టి ఆయన ఇంగ్లండ్‌లోనే ఉన్నాడు. ఇది భాంజాకి ముందే తెలుసు, భాయీజాన్‌కీ తెలుసు. ఆ నాలుగైదు వారాలు గడపడానికి తన దగ్గర వేరే మిడ్‌ఫీల్డర్లు ఉన్నారనీ, ఫిబ్రవరి నుంచి సలాహ్ తనకే ఉంటాడనీ ఆయన లెక్క వేసుకున్నాడు. సరుకు అదే అయినా వేళ మారితే ధర మారుతుంది. రొయ్యల చెరువులున్న ఏ ఇంట్లోనైనా అడగండి. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతం చేసినప్పుడు చెరువులో వనామీ ఏమీ చిక్కిపోలేదు. 30 కౌంట్ అంటే అప్పుడూ ఇప్పుడూ కిలోకి 30 రొయ్యలే. కొనేవాడి లెక్క మారింది, అంతే.

తర్వాత ఏమైందో వినండి. నవంబరు చివర్లో లివర్‌పూల్ కోచ్ సలాహ్‌ని బెంచి మీద కూచోబెట్టాడు. డిసెంబరు మొదటి వారంలో మళ్ళీ అదే తంతు, సలాహ్ మీడియా ముందు మనసులో బాధ కక్కేశాడు. అంతే, మా గ్రూపులో హవా తిరిగిపోయింది. ఈసారి ఫోన్ భాభీ దగ్గర్నించి. “ఆ పిల్లోడు మీ భాయిని ముంచేసినాడు. ఇంటర్ చదివేవాడికి అంత హుషారీనా? రద్దు చెయ్యండి.”

ఒకే సౌదా. నవంబరులో పిల్లోడు మోసపోయాడు, డిసెంబరులో పిల్లోడే మోసం చేశాడు. మొదటి ఫైసలా పేరు చూసి చెప్పింది, రెండోది నతీజా చూసి చెప్పింది. రెండు సార్లూ, ఆ రోజున ఆ ఇద్దరి ముందు ఏముందో చూడమంటే ఎవరూ చూడలేదు. కోచ్ మనసులో ఏముందో భాంజాకి ఇల్హామ్ రాలేదు గదా! పిల్లాడి తెలివిని ఒకసారి నాదానీ అనీ, ఇంకోసారి చాలాకీ అనీ తిట్టడం నాకు అసలు నచ్చలేదు. వాడు నోట్‌బుక్కులో రెండు టీముల లెక్కా రాసుకుని, ఫోన్ చేసి, అరగంట మాట్లాడి కుదుర్చుకున్నాడు. పెద్దవాళ్ళం మనలో ఎంతమందిమి బైక్ కొనేటప్పుడు అవతలివాడి లెక్క కూడా వేస్తాం?

మరి అడ్మిన్ ఎప్పుడూ అడ్డం పడకూడదా? పడాలి, ఒక్క చోట. మిలీభగత్ ఉన్నప్పుడు. గెలిచే ఆశ పోయినవాడు తన దగ్గరున్న మంచి ఆటగాళ్ళనంతా సొంత తమ్ముడి టీమ్‌లోకి తోసేస్తే అది సౌదా కాదు, మిగతా ఆరుగురి మీద జుల్మ్. గుర్తుపట్టడం కష్టమేమీ కాదు. ‘దీంతో నీ టీమ్ ఎట్టా బాగుపడుతుంది?’ అని ఇద్దర్నీ విడివిడిగా అడగండి. నిజమైన సౌదా చేసినవాడు ఆపకుండా పది నిమిషాలు చెప్తాడు. మిలీభగత్ చేసినవాడు ‘నా ఇష్టం’ అంటాడు. సౌదా ఒకవైపు మొగ్గిందని మాత్రమే రద్దు చేస్తూ పోతే పిల్లలు బేరమాడటమే మానేస్తారు.

రద్దు చెయ్యాలా వద్దా అని లీగ్ మొత్తం ఓటెయ్యడం అంతకన్నా ఘోరం. ఓటేసే ప్రతివాడికీ తన ఫాయిదా ఉంటుంది. నా పోటీదారు బలపడితే నాకు నష్టం, కాబట్టి ‘అన్యాయం’ అని చెయ్యి ఎత్తుతాను. ఖాజీ ముఖద్దమాలో కక్షిదారు కాకూడదు. నేను అడ్మిన్‌నే అయినా నాకూ ఒక టీమ్ ఉంది గనక, ఇకనుంచి తగవు వస్తే ఆట ఆడని మా చిన్న ఖాలా ఫైసలా చెప్తుంది. ఆవిడకి ఫుట్‌బాల్ తెలియదు. చేపల మార్కెట్లో పండుచేప కళ్ళూ మొప్పలూ చూడకుండా సంచిలో వెయ్యనివ్వదు. ఆ నజర్ చాలు.

చేపలంటే గుర్తొచ్చింది, అసలు దిల్‌కి గుచ్చుకున్న మామలా ఇంకోటి ఉంది. అక్టోబరులో ఒక పిల్లాడు, పేరెందుకు, తన డిఫెండర్‌కి మోకాలి దెబ్బ తగిలిందని కోచ్ ప్రెస్ మీట్‌లో విని, గంటలో ఆ డిఫెండర్‌ని పన్నెండేళ్ళ తమ్ముడికి అంటగట్టాడు. ‘బాగానే ఉన్నాడా అన్నా?’ అని వాడు అడిగితే ‘ఏక్‌దమ్ ఫస్ట్ క్లాస్’ అన్నాడు. దీన్ని రద్దు చేశాను, ఎవర్నీ అడగలేదు. సరుకులో ఐబ్ ఉంటే చెప్పి అమ్మడం మన దీన్ నేర్పిన మొదటి తిజారత్ పాఠం. పైకి పొడిగా కనిపించే ధాన్యం కుప్పలో చెయ్యి పెడితే తడి తగిలిన కిస్సా మదరసాకి వెళ్ళిన ప్రతి పిల్లాడికీ తెలుసు. ప్రెస్ మీట్ అందరికీ కనిపించేదే గదా, కొనేవాడే చూసుకోవాలి అని వాదించారు కొందరు. రొయ్యలు కొనే ఏజెంటు కూడా రైతు మాట నమ్మకుండా తనే వల వేయించి కౌంట్ చూసుకుంటాడు, నిజమే. కానీ చెరువులో వైట్ స్పాట్ వచ్చిందని తెలిసి, అడిగినప్పుడు లేదని చెప్పిన రైతుని ఏమంటాం? కొనేవాడు చూసుకోకపోవడం గఫ్లత్, అమ్మేవాడు చెప్పింది ఝూట్. రెండూ ఒక తక్కెడలో తూగవు.

భాంజా సౌదాలో ఇలాంటిది ఏదీ లేదు. దాచింది లేదు, చెప్పిన ఝూట్ లేదు. అందుకే అది అట్టాగే ఉంటుంది.

పైసల మాట కూడా చెప్పాలి. పోయిన వేసవిలో గ్రూపులో ఒక సలహా వచ్చింది, తలా ఐదు దినార్లు వేసి గెలిచినవాడికి ఇద్దామని. వద్దన్నాను. అది ఖిమార్. ఆటలో ఎంత తెలివి ఉందని వాదించినా ఓడినవాళ్ళ డబ్బు గెలిచినవాడి జేబులోకి పోతుంది. ఖానూన్ కూడా అటే ఉంది. 2020లో మన రాష్ట్రం 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని బంద్ చేసింది, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం తెచ్చింది. క్రికెట్ ఫాంటసీ యాప్‌లు ఆ దెబ్బకే డబ్బు పోటీలు ఎత్తేశాయి. పైసా లేకుండానే రెండిళ్ళు మాట్లాడుకోవడం మానేశాయంటే, పైసలుంటే ఏమయ్యేదో అందాజా వేసుకోండి. ఈ ఆటని పిల్లల చేతుల్లోంచి లాగెయ్యమనే బుజుర్గులకి కూడా ఇదే నా జవాబు: పైసలు లాగెయ్యండి, లెక్క నేర్పే ఆటని ఉంచండి.

ఆపాకీ భాభీకీ ఈ లెక్క మొత్తం కాగితం మీద రాసి ఫొటో తీసి పంపాను. ఆపా చూసింది, జవాబు లేదు. భాభీ ‘అర పాయింటు కోసం ఇదంతానా’ అంది. జనవరి నుంచి మా లీగ్‌లో రెండు కొత్త షరతులు: సౌదా ఒప్పుకునే ముందు ఇద్దరూ తమ ఆటగాడి గాయం సంగతి గ్రూపులో రాయాలి, ఫిబ్రవరి ఆఖరు తర్వాత సౌదాలు బంద్. కువైట్ భాయీజాన్ మొదట ‘ఖబూల్’ అని పెట్టాడు, ఆ వెంటనే భాంజాకి విడిగా ఇంకో మెసేజ్ పెట్టాడట, మటెటాని తిరిగి ఇస్తావా అని. వాడు ఇంకా లెక్క వేస్తున్నాడు.