కార్నర్‌లో కుర్రాడు

శనివారం వచ్చిందంటే అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ పండగ. ఎమ్మెస్ కోసం వెళ్ళి ఆ యూనివర్సిటీ ఊళ్ళలోనే ఉద్యోగాలు చూసుకున్న మనవాళ్ళు మొదట్లో "ఏంటీ గోల" అనుకుంటారు. రెండేళ్ళు తిరిగేసరికి వాళ్ళే జెర్సీ వేసుకుని టీవీ ముందు కూర్చుంటారు. అలా కూర్చున్నవాళ్ళ నోట తరచుగా వినే మాట ఒకటుంది. ఎవరో పద్దెనిమిదేళ్ళ కుర్రాడి తల మీదుగా పొడవాటి పాస్ వెళ్ళి టచ్‌డౌన్ అవ్వగానే, "వీణ్ణి ఎవడు దింపాడ్రా బాబూ, తీసి బయట కూర్చోబెట్టండి!" అంటారు. నా పేచీ అంతా ఈ మాటతోనే.

ఆట తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, రిసీవర్ పరిగెత్తి పట్టుకుంటాడు. పట్టుకోకుండా అడ్డుపడేవాళ్ళు డిఫెన్సివ్ బ్యాక్‌లు. వీళ్ళలో అంచుల్లో రిసీవర్‌కి ఎదురుగా నిలబడేవాడు కార్నర్‌బ్యాక్, వెనకాల కాపలా ఉండేవాడు సేఫ్టీ. రిసీవర్‌కి తను ఎటు వెళ్తాడో ముందే తెలుసు. కార్నర్‌కి తెలీదు. వెనక్కి పరిగెడుతూ, ఎదుటివాడి నడుము చూసి ఎటు తిరుగుతాడో పసిగట్టి, సరైన క్షణంలో తను కూడా తిరగాలి. అర సెకను ఆలస్యమైతే మూడు గజాల ఎడం వస్తుంది. కంగారులో చెయ్యి పట్టుకుని లాగితే జెండా పడుతుంది, గరిష్ఠంగా 15 గజాల శిక్ష, పైగా ఎదుటి జట్టుకి మళ్ళీ ఫస్ట్ డౌన్.

మన క్రికెట్ భాషలో చెప్పాలంటే ఇది వికెట్‌కీపర్ ఉద్యోగం లాంటిది. వంద బంతులు శుభ్రంగా పట్టినా ఎవరికీ గుర్తుండదు, వదిలేసిన ఒక్క క్యాచ్ పదేళ్ళు గుర్తుంటుంది. లైన్‌లో ఆడే కుర్రాడు తప్పు చేస్తే పక్కవాడు సర్దేస్తాడు, చాలాసార్లు కెమెరాకి కనపడదు కూడా. కార్నర్ తప్పు మాత్రం స్టేడియం మొత్తానికి కనిపిస్తుంది, స్కోర్‌బోర్డు మీద కూడా పడుతుంది.

మరి ఈ విద్య ప్రాక్టీస్‌లో నేర్పొచ్చుగా అంటారా? కొంతే నేర్పగలరు. ఎన్‌సీఏఏ నియమాల ప్రకారం సీజన్‌లో వారానికి 20 గంటలు దాటి ప్రాక్టీస్ చేయించకూడదు. అందులో ఎక్కువ భాగం శనివారం ఆడబోయే సీనియర్లకే పోతుంది. పైగా హైస్కూల్‌లో సగం పని కుర్రాడి వేగమే చేసిపెడుతుంది. ఒక అడుగు తప్పు వేసినా పరిగెత్తి అందుకోగలడు. కాలేజీకొచ్చాక ఎదుటివాడికీ అంతే వేగం ఉంటుంది, బంతి కూడా ముందుగానే వచ్చేస్తుంది. ఆ తేడా ఒంటికి తెలియాలంటే మ్యాచ్‌లో దెబ్బ తినాల్సిందే, వేరే దారి లేదు.

ఒక ఉదాహరణ చెప్తాను. కొలంబస్‌లో మనవాళ్ళు బోలెడుమంది కాబట్టి ఒహాయో స్టేట్ సంగతే తీసుకుందాం. 2021లో డెంజెల్ బర్క్ అనే ఫ్రెష్‌మన్‌ని సీజన్ మొదటి మ్యాచ్ నుంచే కార్నర్‌గా దింపారు. హైస్కూల్‌లో రిసీవర్‌గా కూడా ఆడినవాడు. ఆ ఏడాది బాగా ఆడి మెప్పించాడు. 2022లో జిమ్ నోల్స్ కొత్త డిఫెన్సివ్ కోఆర్డినేటర్‌గా వచ్చాడు, కార్నర్లకి కొత్త కోచ్‌గా టిమ్ వాల్టన్ వచ్చాడు. పద్ధతి మారింది, బర్క్ తడబడ్డాడు. "మొదటేడాది ఏదో గాలివాటం" అన్నవాళ్ళు కూడా ఉన్నారు.

ఆ సీజన్ చివర్లో ఆ డిఫెన్స్‌కి తగిలిన దెబ్బలు మామూలువి కావు. మిషిగన్ సొంత మైదానానికే వచ్చి 45-23తో కొట్టింది. అందులో 69, 75 గజాల పాస్ టచ్‌డౌన్లు ఉన్నాయి. తర్వాత డిసెంబర్ 31న పీచ్ బౌల్‌లో జార్జియా మీద గెలుపు చేతికందిన సమయంలో సేఫ్టీ లేథన్ రాన్సమ్ కాలు జారి పడ్డాడు, అతని వెనకాల 76 గజాల టచ్‌డౌన్ వెళ్ళిపోయింది. చివరికి 42-41తో ఓటమి. అదే సంవత్సరం జనవరి 1న రోజ్ బౌల్‌లో కాలు విరగ్గొట్టుకుని, కోలుకుని వచ్చి ఆడుతున్న కుర్రాడు అతను!

ఆ రోజు "తీసెయ్యండి" అన్నవాళ్ళ మాట వినుంటే ఏమయ్యేదో తెలీదు గానీ, వినకపోతే ఏమైందో మాత్రం తెలుసు. 2024లో బర్క్, రాన్సమ్, 2021లోనే చేరిన జోర్డన్ హాన్కాక్, ముగ్గురూ అక్కడే ఉన్నారు. అప్పుడు కూడా కథ సాఫీగా నడవలేదు. అక్టోబర్‌లో ఒరెగన్ చేతిలో 32-31తో ఓడిపోయిన రోజు రిసీవర్ ఇవాన్ స్టూవర్ట్ బర్క్‌ని పదే పదే దాటేశాడు. నాలుగో ఏడాది సీనియర్‌కే ఈ గతి పట్టిందంటే ఆ పని ఎంత కష్టమో చూడండి. అయినా కూర్చోబెట్టలేదు. 2025 జనవరి 1న అదే ఒరెగన్ మీద 41-21తో గెలిచారు (స్టూవర్ట్ ఆ మ్యాచ్ ఆడలేదు, అదీ ఒప్పుకుందాం). జనవరి 20న నోటర్‌డేమ్ మీద 34-23తో జాతీయ ఛాంపియన్లయ్యారు. ఆ సీజన్‌లో మ్యాచ్‌కి సగటున 12.9 పాయింట్లే ఇచ్చారు, దేశంలో అందరికంటే తక్కువ.

"ఆ టీమ్‌ని డబ్బు పెట్టి కొన్నారుగా" అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. 2024 జట్టుకి ఆటగాళ్ళ ఒప్పందాల కింద సుమారు 20 మిలియన్ డాలర్లు వెళ్ళాయని ఆ యూనివర్సిటీ అథ్లెటిక్ డైరెక్టరే చెప్పాడు. వెనక వరసలో కేలబ్ డౌన్స్ అలబామా నుంచి వచ్చాడు, డేవిసన్ ఇగ్బినోసన్ ఓల్ మిస్ నుంచి వచ్చాడు. కాదనను. కానీ ఆ డబ్బు కొత్తవాళ్ళని తేవడానికే కాదు, ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్ళిపోగలిగిన పాతవాళ్ళని ఇంకో ఏడాది ఉంచుకోవడానికి కూడా పనికొచ్చింది. ఇంకో సంగతి. డౌన్స్ రెడీమేడ్‌గా ఆకాశం నుంచి ఊడిపడలేదు. 2023లో అలబామా అతన్ని ఫ్రెష్‌మన్‌గానే పూర్తి సీజన్ ఆడించింది, 107 ట్యాకిల్స్‌తో జట్టులో మొదటి స్థానం అతనిదే. అప్పటి కోచ్ నిక్ సేబన్ తను స్వయంగా కాలేజీలో డిఫెన్సివ్ బ్యాక్‌గా ఆడినవాడు, ఎంత పెద్ద కోచ్ అయినా ప్రాక్టీస్‌లో ఆ కుర్రాళ్ళ దగ్గరే నిలబడి నేర్పినవాడు. 2024 జనవరిలో ఆయన రిటైర్ అవ్వగానే డౌన్స్ వెళ్ళిపోయాడు. నాటింది ఒకరు, కోసుకున్నది ఇంకొకరు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. 2018లో ట్రాన్స్‌ఫర్ పోర్టల్ వచ్చింది. 2021లో మొదటిసారి కాలేజీ మారితే ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదన్నారు. అదే ఏడాది జూలై నుంచి ఆటగాళ్ళు తమ పేరు మీద డబ్బు సంపాదించుకోవచ్చన్నారు. 2024లో చదువు సరిగ్గా ఉంటే ఎన్నిసార్లు మారినా ఫరవాలేదన్నారు. 2025 జూన్‌లో కోర్టు ఒప్పుకున్న సెటిల్‌మెంట్‌తో యూనివర్సిటీలే నేరుగా డబ్బివ్వడం మొదలైంది, మొదటి ఏడాదికి పరిమితి సుమారు 20.5 మిలియన్లు. కుర్రాళ్ళకి ఇవన్నీ న్యాయంగా రావలసినవే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ కోచ్ వైపు నుంచి చూడండి. "నేను వీడికి నేర్పుతూ నాలుగు మ్యాచ్‌లు ఓడిపోతాను, వీడు నేర్చుకుని వచ్చే ఏడాది పక్కవాడికి ఆడతాడు. దానికంటే పక్కవాడు నేర్పినవాణ్ణి నేనే తెచ్చుకుంటే పోలా?" అందరూ ఇలాగే లెక్కేస్తే నేర్పేవాడెవడు?

ఈ ప్రశ్న ఎక్కడో విన్నట్టుందా? :) మన ఫీల్డ్‌లో ప్రతి ఉద్యోగ ప్రకటనా "కనీసం రెండేళ్ళ అనుభవం" అంటుంది. ఆ మొదటి రెండేళ్ళు ఎవరిస్తారో మాత్రం ఏ ప్రకటనా చెప్పదు. "ఫ్రెషర్‌కి నేర్పితే జంప్ అయిపోతాడు" అనే మేనేజర్లని మీరూ చూసే ఉంటారు. ఇప్పుడు దానికి "ఆ చిన్న పనులు ఏఐకి ఇచ్చేద్దాం" అన్న మాట తోడైంది. ఆ చిన్న పనులు చేసే కదండీ మనమంతా నేర్చుకున్నది!

అలాగని కుర్రాణ్ణి ఒంటరిగా నీళ్ళలో తోసెయ్యమని కాదు. మంచి కోచ్‌లు దీన్ని ఒక పద్ధతిలో చేస్తారు. మొదట కిక్‌ఆఫ్ జట్టులో పరిగెత్తిస్తారు, స్టేడియం హోరు అలవాటవ్వడానికి. 2018లో వచ్చిన నియమం ప్రకారం నాలుగు మ్యాచ్‌ల వరకూ ఆడించినా ఆ ఏడాది ఖర్చయినట్టు లెక్కెయ్యలేదు, దాన్ని వాడుకున్నారు. కాలేజీ మైదానంలో హ్యాష్ గీతల మధ్య దూరం 40 అడుగులు, ఎన్‌ఎఫ్‌ఎల్ కంటే రెట్టింపు పైనే. అందుకని ఆట ఒక గీత దగ్గర మొదలైతే ఒక పక్క ఇరుకు, రెండో పక్క బోలెడు ఖాళీ. కుర్రాడు పరిగెత్తాల్సిన చోటు తగ్గించాలంటే ఇరుకు వైపు నిలబెట్టొచ్చు. వెనకాల సేఫ్టీని అతని వైపుకి జరపొచ్చు, లేదా రిసీవర్‌కి ఏడెనిమిది గజాల దూరంలో నిలబడమనొచ్చు. చిన్న పాస్‌లు ఇచ్చేసినా ఫరవాలేదు, పెద్దది మాత్రం ఇవ్వద్దని చెప్తారు.

మనం చేసే కోడ్ రివ్యూ, స్టేజింగ్, రోల్‌బ్యాక్ ఇవే కదా? ఫ్రెషర్ వెనకాల ఉండే సేఫ్టీలు అవి. సేఫ్టీని పెట్టకుండా ప్రొడక్షన్‌లోకి తోసి, పగిలాక "వీణ్ణి ఎవడు తీసుకున్నాడు" అనడం ఎంత అన్యాయమో, పగులుతుందేమో అని మూడేళ్ళు బగ్ టికెట్లకి లేబుళ్ళు అంటించే పనిలో ఉంచడం కూడా అంతే అన్యాయం.

నేర్పినవాడు వెళ్ళిపోతాడన్న భయానికి నా జవాబు ఒకటే. వెళ్ళేవాడు ఎలాగూ వెళ్తాడు. కానీ దెబ్బ తిన్న మర్నాడు కూడా తన పేరు జట్టులో చూసుకున్న కుర్రాడికి ఉండిపోవడానికి ఒక కారణం ఎక్కువుంటుంది. బర్క్, రాన్సమ్ అంతకాలం ఉన్నది డబ్బు కోసమే అని నేననుకోను. 2025 డ్రాఫ్ట్‌లో రాన్సమ్ నాలుగో రౌండ్‌లో, బర్క్, హాన్కాక్ ఐదో రౌండ్‌లో వెళ్ళారు. మొదటి రౌండ్ మెరుపులు కాదు, ఓపిగ్గా తయారైనవాళ్ళు.

కాబట్టి ఈసారి ఎవరో కుర్ర కార్నర్ తల మీదుగా బంతి వెళ్ళిపోయినప్పుడు, తిట్టే ముందు ఒక్కటి చూడండి. తర్వాతి ఆటకి కోచ్ అతన్ని మైదానంలోనే ఉంచాడా? వెనకాల సేఫ్టీ ఒక అడుగు అటు జరిగాడా? రెండూ జరిగితే ఆ జట్టు మీద నమ్మకం పెట్టుకోవచ్చు. మీ టీమ్‌లో కొత్తగా చేరినవాడి విషయంలోనూ ఇవే రెండు ప్రశ్నలు. ఏమంటారు?