గూడేనికి వచ్చిన అతిథి

శుక్రవారం సాయంత్రమైతే చాలు, మదీనాగూడ వద్ద ముంబయి రహదారి వెంట బస్సుల కోసం ఎదురుచూచే యువతీయువకులు భుజాలకు సంచులు తగిలించుకొని బారులుగా కనబడతారు. వారమంతా గాజుమేడలలో కంప్యూటర్ తెరల ముందు గడిపిన వీరు రెండు రోజుల విశ్రాంతికై అరకు లోయకో, మారేడుమిల్లి అడవులకో, ఆదిలాబాదు జలపాతాలకో బయలుదేరుతారు. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన తరువాత ఈ ప్రాంతపు రూపురేఖలు పూర్తిగా మారిపోయాయి. పొలాలు పోయి అంతస్తులు లేచాయి. మదీనాగూడ అన్న పేరులో ‘గూడ’ మాత్రం మిగిలింది. మన్యంలోని ‘గూడెం’ అనే మాటకు అది దగ్గరి చుట్టం. తమ గూడలో కనుమరుగైన పల్లెతనాన్ని వెతుక్కుంటూ నగరవాసులు ఇంకొకరి గూడేనికి పోతున్నారన్నమాట. ఆ ప్రయాణాన్ని తప్పుపట్టవలసిన పని లేదు. అయితే ఈ రాకపోకల వలన ఆ గూడెంవారికి ఏమి మిగులుతున్నది, వారి చేతి నుండి ఏమి జారిపోతున్నది అని ఆలోచించకపోవడం మాత్రం తప్పే.

పల్లెబ్రదుకును చూడాలంటే అంత దూరం పోనక్కర లేదని మాదాపురంలోని శిల్పారామం చెబుతుంది. గ్రామీణుల ఇండ్ల నమూనాలు, పనిపాటలు చేసుకుంటున్న మనుషుల బొమ్మలు అక్కడ ఎంతో శ్రద్ధగా అమర్చారు. చేతివృత్తులవారు తమ సరకును తామే అమ్ముకొనే అంగళ్లు కూడ ఉన్నాయి. ఆ ప్రాంగణంలో మెచ్చదగినది అదే. బొమ్మల సంగతి వేరు. బొమ్మకు అభ్యంతరాలు ఉండవు. ఎంతసేపు చూచినా, ఏ వైపు నుండి ఫోటో తీసినా అది ఊరకుంటుంది. చిక్కేమంటే, బొమ్మను చూచిన కంటితోనే మనిషిని చూడడం కొందరికి అలవాటైపోయింది. అండమాన్ దీవులలో జారవాల అడవి గుండా పోయే రహదారిపై వాహనాలు ఆపి, తినుబండారాలు చూపి వారిచేత నృత్యం చేయించిన దృశ్యాలు 2012లో బయటపడినప్పుడు దేశం సిగ్గుపడింది. అది దృష్టిదోషానికి పరాకాష్ఠ. అంతకంటె తక్కువ మోతాదులో అదే దోషం మన్యంలో కూడ లేదనలేము.

థింసా నృత్యాన్ని తీసుకొందాం. చైత్రమాసపు ఇటుకల పండుగలో, పెండ్లిండ్లలో అరకు ప్రాంతపు స్త్రీలు ఒకరి వెనుక ఒకరు చేతులు పెనవేసుకొని, మోరి, కిరిడి, తుడుము, డప్పు వాద్యాల లయకు అడుగులు కలుపుతూ పాములా మెలికలు తిరుగుతారు. అందులో గ్రామదేవతను కొలిచే అడుగులు వేరు, పులి బారి నుండి తప్పించుకోవడాన్ని అభినయించే అడుగులు వేరు. విడిది గృహాల ముంగిట, భోజనాల వేళకు ముందు అదే నృత్యం కొద్ది నిమిషాలలో ముగుస్తుంది. డబ్బు తీసుకొని ఆడడం దోషమా? కాదు. నగరంలో గాయకుడు పారితోషికం తీసుకొంటే ఎవరూ ఆక్షేపించరు. గిరిజన స్త్రీ తీసుకొంటే సంస్కృతి పాడైపోయినదని బాధపడడం న్యాయం కాదు. దోషం వేరొక చోట ఉన్నది. ఎంతసేపు ఆడాలి, ఏది ఆడాలి, ఎంత ఇవ్వాలి అన్నవి ఆడేవారు గాక మధ్యవర్తి నిర్ణయించడమే ఆ దోషం.

అతిథిని పిలవడం, ఆదరించడం అడవిబిడ్డలకు ఒకరు నేర్పవలసిన విద్య కాదు. ఆదిలాబాదు ప్రాంతపు రాజ్‌గోండులు దీపావళి దినాలలో జరుపుకొనే దండారిలో ఒక ఊరి బృందం మరొక ఊరికి అతిథిగా పోతుంది. నెమలి ఈకల కిరీటాలు ధరించిన గుస్సాడీలు ముందు నడుస్తారు. దీక్షలో ఉన్నంతకాలం వారు స్నానం చేయరు, మంచం మీద కూర్చోరు. ఊరంతా ఎదురేగి వారికి అన్నం పెడుతుంది. వియ్యాలు కుదిరేదీ ఆ రాకపోకలలోనే. వచ్చినవాడు ఎలా నడుచుకోవాలో, పిలిచినవాడు ఏమి పెట్టాలో అన్నిటికీ కట్టుబాటు ఉన్నది. ఆ కట్టుబాటును ఏర్పరచినది ఆ సమాజమే. మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజును 2021లో ప్రభుత్వం పద్మశ్రీతో గౌరవించింది. 2024లో ఆయన మరణించారు. పద్మ పురస్కారం దాకా పోయిన ఆ అడుగులు పర్యాటకుల కోసం పుట్టినవి కావు, వారు రాకపోయినా ఆగేవి కావు. పర్యాటకశాఖవారు ప్రణాళికలు రచించేటప్పుడు విదేశీ గ్రంథాలకు తోడు దండారి మర్యాదలను కూడ ఒకసారి పరిశీలిస్తే బాగుంటుంది.

ఇక భూమి మాట. అసలు ప్రమాదమంతా ఇక్కడే ఉన్నది. ఏజెన్సీ ప్రాంతపు భూమిని గిరిజనేతరులకు బదిలీ చేయరాదని 1959 నాటి నిబంధనలను సవరిస్తూ 1970లో చేసిన చట్టం శాసిస్తున్నది. జనం నోట అది ‘వన్ ఆఫ్ సెవెంటీ’గా నిలిచిపోయింది. పర్యాటకుల రద్దీ పెరిగిన కొద్దీ రహదారి పక్క భూమికి విలువ పెరుగుతుంది. విలువ పెరిగిన కొద్దీ దానిపై కన్నులు పడతాయి. గిరిజనుని పేర కాగితాలు, మరొకరి చేతిలో లాభాలు అన్న ఆరోపణలు మన్యంలో తరచు వినవచ్చేవే. తన భూమిలో వెలిసిన విడిది గృహంలో తానే కావలివానిగా నిలబడే రోజు వస్తే, దానిని అభివృద్ధి అని పిలవడానికి మనసొప్పదు.

బొర్రా గుహలకు పోయేవారిలో ఎందరికి తెలుసునో గాని, భారతదేశపు గిరిజన హక్కుల చరిత్రలో ఒక ముఖ్యమైన తీర్పు ఆ పరిసర గ్రామాల నుండే పుట్టింది. అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల భూములను ప్రభుత్వం గనుల తవ్వకానికి ప్రైవేటు సంస్థలకు కౌలుకిచ్చింది. ‘సమత’ అనే స్వచ్ఛంద సంస్థ న్యాయస్థానాలను ఆశ్రయించింది. 1997 జులైలో సుప్రీంకోర్టు ఆ కౌళ్లు చెల్లవని చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడ గిరిజనేతరులకు భూమిని కౌలుకివ్వరాదని స్పష్టం చేసింది. ప్రభుత్వ సంస్థలుగాని, గిరిజనుల సహకార సంఘాలుగాని గనులు నడపవచ్చునన్నది. పరిశ్రమల నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంతపు బడులకు, వైద్యానికి, తాగునీటికి, రహదారులకు ప్రత్యేక నిధిగా ఉంచాలన్నది. గనులకు వర్తించిన ఈ న్యాయం గుహలకు ఎందుకు వర్తించకూడదు? అక్కడి రాయిని తవ్వి అమ్మినా, అదే రాయిని దీపాల వెలుగులో చూపి టిక్కెట్టు వసూలు చేసినా, సంపద ఆ కొండదే. ఆ టిక్కెట్టు పైకంలో చుట్టుపక్కల గ్రామాలకు చట్టబద్ధమైన వాటా ఉండడం దయాదాక్షిణ్యాల ప్రశ్న కాదు.

గ్రామస్థుల చేతికి పగ్గాలిస్తే నడపగలరా అని సందేహించేవారు మారేడుమిల్లికి పోయి రావాలి. అక్కడ అటవీశాఖ చేయూతతో వలమూరు వన సంరక్షణ సమితివారు అడవి నడుమ పర్యాటకుల శిబిరాన్ని నడిపారు. గుడారాలు వేయడం, వండి పెట్టడం, దారి చూపడం అంతా స్థానికులే. అయితే ఇక్కడ ఒక మెలిక ఉన్నది. శాఖ చేయూతనివ్వడం వేరు, శాఖ యజమాని కావడం వేరు. 1996 నాటి పెసా చట్టం గ్రామసభకు పెద్దపీట వేసింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం గ్రామానికి సామూహిక హక్కును ఇచ్చింది. ఈ రెండింటి ప్రకారం చూస్తే అడవిలో అతిథిని పిలిచే అధికారం సమితి పేరుతో కార్యాలయానికి గాక గ్రామసభకే చెందాలి.

న్యూజిలాండులోని మావోరీ జాతి అనుభవం ఇక్కడ ప్రస్తావించదగినది. అక్కడి తుహౌరంగి తెగవారు సహజసిద్ధమైన గులాబి, తెలుపు రాతిసోపానాలను పర్యాటకులకు చూపి జీవించేవారు. 1886లో తరవేరా అగ్నిపర్వతం బద్దలై ఆ సోపానాలు, వాటితో పాటు పల్లెలు నాశనమయ్యాయి. బ్రదికి బయటపడినవారిలో పలువురు ఫకారెవారెవా అనే ఊరికి చేరి, తమ వృత్తిని అక్కడ కొనసాగించారు. వేడినీటి బుగ్గల నడుమ ఈనాటికీ వారి వంశీయులే నివసిస్తూ, తామే అతిథులకు దారి చూపుతున్నారు. చూపే వస్తువు పోయినా చూపే అధికారం చేజారకపోవడం వలననే వారు నిలదొక్కుకోగలిగారు.

అట్లని పర్యాటకమే సర్వస్వమని నమ్మడం కూడ అవివేకమే. 2020లో మహమ్మారి వచ్చి ప్రయాణాలన్నీ నిలిచిపోయినప్పుడు, అతిథిని మాత్రమే నమ్ముకొన్నవాడి పొయ్యి చల్లబడింది; చేను, చెట్టు ఉన్నవాడు ఎలాగో గట్టెక్కాడు. అరకు గిరిజన రైతులు పండించే కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ గింజను అమ్మడానికి ఎవరి ముందూ నృత్యం చేయనక్కర లేదు. అతిథి వలన వచ్చేది పంటకు తోడు కావాలి గాని, పంటను మాన్పించకూడదు. వాగునీరు తాగే ఊళ్లకు ఎగువన జలపాతాల వద్ద ప్లాస్టిక్ సీసాలు, పళ్లేలు పారవేసి వచ్చేవారికి ఈ మాటలు ఎక్కుతాయో లేదో!

నగరం నుండి పోయేవారు చేయగలిగినది చిన్నదేమీ కాదు. బస ఎవరిది, వంట ఎవరిది, దారి చూపేవాడికి అందేదెంత అని బయలుదేరే ముందే అడిగి తెలుసుకోవచ్చు. వస్తువును చేసినవాడి దగ్గరే కొనవచ్చు. ఫోటో తీసే ముందు అనుమతి కోరవచ్చు. వద్దంటే కెమెరాను సంచిలో పెట్టుకోవచ్చు. ఆ ‘వద్దు’ అనే హక్కు గూడేనికి ఉన్నదో లేదో చూస్తే, అక్కడి పర్యాటకం ఎవరి చేతిలో ఉన్నదో ఇట్టే తెలిసిపోతుంది.

కేస్లాపూర్ నాగోబా జాతరలో ఆ హక్కు ఇంకా పదిలంగా ఉన్నది. మెస్రం వంశస్థులు కాలినడకన హస్తినమడుగుకు పోయి గోదావరి జలం తెస్తారు. 2022లో ప్రతిష్ఠ జరిగిన కొత్త ఆలయాన్ని తమ వంశంలో చందాలు పోగుచేసుకొనే కట్టుకొన్నారు. పుష్య అమావాస్య రాత్రి మహాపూజ వారు మాత్రమే చేస్తారు, కొత్త కోడండ్రను దేవునికి పరిచయం చేసే ‘భేటింగ్’ కూడ వారి ఇంటి వ్యవహారమే. ఆ తరువాత సాగే జాతరకు ఎవరైనా రావచ్చు. మదీనాగూడ నుండి వచ్చినవారైనా సరే.