ఆరు కిలోల్లో ఒక కిలో జొన్నలు

హైదరాబాద్ మియాపూర్ చౌరస్తాలో నేను అమ్మే రొట్టెలకు జొన్నలు షోలాపూర్ నుంచి వస్తాయి. మాల్దండి రకం, గింజ తెల్లగా ఉంటుంది, రొట్టె విరగదు. ఆ లారీ ముంబయి హైవే మీద జహీరాబాద్ దాటి, సదాశివపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు మీదుగా ఇక్కడికి చేరుతుంది. మా పుట్టిల్లు జహీరాబాద్ పక్కన ఝరాసంగం మండలం. మా తాతల కాలంలో అక్కడ గాదెల నిండా జొన్నలు ఉండేవి. ఇప్పుడు ఆ ఊళ్ళ పక్క నుంచే పరాయి రాష్ట్రం జొన్నలు వచ్చి నా పెనం మీద రొట్టెలవుతున్నాయి.

గిరాకీ లేక కాదు. షుగరుందని డాక్టరు చెప్పినవాళ్ళు, బరువు తగ్గాలనుకునే సాఫ్ట్‌వేర్ పిల్లలు, ఇంటి రుచి వెతుక్కుంటూ వచ్చే బీదర్, కల్బుర్గి వాళ్ళు, సాయంత్రమైతే నిలబడే ఉంటారు. పిండి పాతబడితే రొట్టె అంచులు పగులుతాయి కాబట్టి గిర్నీకి తరచూ పోవాల్సిందే. వేడినీళ్ళతో కలిపి, అరచేత్తో తట్టి, పెనం మీద వేసి పైన తడిగుడ్డ అద్దేలోగా ఇంకో నలుగురు పార్శిల్ చెబుతారు. నగరం జొన్న తింటోంది. మరి జొన్న వేసేవాళ్ళేరి?

మా తమ్ముణ్ణి అడిగితే పిట్టలంటాడు. జొన్న కంకి పాలు పోసుకునే వేళకు రామచిలుకలు, పిచ్చుకలు, గిజిగాళ్ళు వాలతాయి. రాత్రి అడవిపందులు. ఊరంతా జొన్న వేసిన రోజుల్లో పిట్టలు తినేది అందరి చేలకూ పంచుకుపోయేది, ఎవరికీ లెక్కలోకి వచ్చేది కాదు. ఇప్పుడు ఒక్కడు ఎకరం వేస్తే ఊరి పిట్టలన్నీ ఆ ఎకరం మీదే. మంచె మీద నిలబడి వడిసెల తిప్పడానికి పిల్లలు లేరు, బడికి పోతున్నారు, పోవాలి కూడా. దాంతో మా తమ్ముడు పత్తి వేస్తాడు. పక్కవాళ్ళు చెరకు వేస్తారు, బోరు బాగా పోసేవాళ్ళు వరి వేస్తారు. జొన్న ఒక రైతు తీసుకునే నిర్ణయం కాదు, ఊరు తీసుకునే నిర్ణయం. నేనూ నా గిరాకీలూ ఎంత ఇష్టపడినా, ఊరంతా ఒకేసారి విత్తే ధైర్యం రాకపోతే ఆ పంట తిరిగి రాదు.

దాంతో పాటు పోయినవి ఇంకా చాలా ఉన్నాయి. మా అమ్మ చేలో జొన్న ఒక్కటే ఉండేది కాదు. జొన్న సాళ్ళ మధ్య కంది, అనుములు, పెసర, కొర్ర, గట్టు మీద పుంటికూర. పెసర ముందు చేతికొచ్చేది, తర్వాత కొర్ర, జొన్న, సంక్రాంతి దాటాక కంది. వాన ఒక పంటను దెబ్బ తీస్తే ఇంకోటి నిలిచేది. కంది వేళ్ళ బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకిచ్చేవి, జొన్న చొప్ప ఎడ్లకు పోయేది, ఎడ్ల పేడ మళ్ళీ చేలోకి వచ్చేది. వానాకాలం అయిపోయాక నల్లరేగడిలో జొన్న, శనగ, కుసుమ, అవిసె వేసేవారు. నేలలో మిగిలిన తేమకూ చలికాలం మంచుకూ పండే ఈ పంటలను మా వైపు సత్యం పంటలంటారు. నీళ్ళు కట్టే పని లేదు, మోటారు పెట్టే పని లేదు.

విత్తకుండా మొలిచేవి వేరే. చెంచలికూర, తుమ్మికూర, దొగ్గలికూర, గునుగు. గునుగు లేతగా ఉన్నప్పుడు కూర, పూతకొచ్చాక బతుకమ్మ. కలుపు మందు కొట్టిన చేలో ఇవేవీ ఉండవు. మియాపూర్‌లో బతుకమ్మ ముందు గునుగు పువ్వు కట్ట కట్టి అమ్ముతుంటే కొనుక్కుంటున్నాం. ఆ పువ్వు చేలల్లో ఎందుకు తగ్గిపోతోందో కొనే ప్రతి ఒక్కరూ ఆలోచించాలి.

పాలపిట్ట సంగతీ అంతే. అది మన రాష్ట్ర పక్షి, దసరా నాడు చూస్తే శుభమని ఊరి బయటికి పోయేవాళ్ళం. మిడతలు, పేడపురుగులు దాని తిండి. తీగ మీదో ఒంటి చెట్టు మీదో కూర్చుని చేలోకి వాలి పట్టుకుంటుంది. 2023లో వెలువడిన ‘స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్’ నివేదిక ఈ పిట్టలు దేశంలో బాగా తగ్గాయని, ముప్పున్న జీవుల అంతర్జాతీయ జాబితాలో వాటి స్థితిని మళ్ళీ అంచనా వేయాలని చెప్పింది. పెరిగినవాటిలో పావురాలున్నాయని కూడా చెప్పింది. మియాపూర్ అపార్టుమెంట్లలో బాల్కనీకి వల కట్టని ఇల్లు వెతకాలి, అది మనకు కనిపిస్తూనే ఉంది. పురుగు మందు పడిన చేలో మిడత ఉండదు, మిడత లేని చోట పాలపిట్ట ఉండదు.

జొన్న స్థానంలోకి వచ్చిన వరిని నేను తప్పు పట్టను. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చినప్పుడు, పండగకు తప్ప అన్నం ఎరగని ఇళ్ళలో రోజూ కుండ ఉడికింది. ఆ ఆకలి చూసినవాళ్ళెవరూ దాన్ని తక్కువ చేసి మాట్లాడరు. కానీ ఆ తర్వాత రేషనూ, కొనుగోలు కేంద్రాలూ, ఉచిత కరెంటూ అన్నీ ఒక్క వరి వైపే నడిచాయి. 2024 వానాకాలంలో తెలంగాణ 66 లక్షల ఎకరాలకు పైగా వరి వేసింది. నీళ్ళు నిలిచిన మడిలో నేలకు గాలి అందదు. అక్కడ కుళ్ళే గడ్డిగాదం నుంచి మీథేన్ పుడుతుంది. వందేళ్ళ లెక్కలో అది కార్బన్ డయాక్సైడ్ కన్నా దాదాపు 27 రెట్లు ఎక్కువ వేడి పెంచే వాయువు. ఆరుతడి పద్ధతిలో మడిని మధ్య మధ్య ఆరనిస్తే ఇది బాగా తగ్గుతుంది, నీళ్ళూ మిగులుతాయి. కానీ కరెంటు ఉచితం కాబట్టి మోటారు ఆపాలని ఎవరికీ అనిపించడం లేదు. కోతయ్యాక కొయ్యకాళ్ళకు నిప్పు పెడితే ఆ పొగ వేరే. ప్రపంచం మొత్తం మీద మనుషులు విడుదల చేసే ఉద్గారాల్లో 21 నుంచి 37 శాతం మన తిండి చుట్టూ తిరిగే వ్యవస్థ నుంచే వస్తోందని వాతావరణ మార్పులపై ఐక్యరాజ్యసమితి నిపుణుల సంఘం ఐపీసీసీ 2019లో లెక్కగట్టింది.

చిరుధాన్యాల బిస్కెట్ ప్యాకెట్లు కొంటే ఈ పరిస్థితి మారుతుందని నేను నమ్మను. మాల్ అరల్లో అవి ఇప్పటికే ఉన్నాయి. వెయ్యి ఎకరాల్లో ఒకే రకం జొన్న వేసి కలుపు మందు కొడితే గునుగూ రాదు, పాలపిట్టా రాదు. జొన్నతో పాటు కంది, అనుములు, కొర్ర, చేలో మొలిచే కూర, అన్నీ మన పళ్ళెంలోకి రావాలి. చేను కలిసి ఉండాలంటే తిండీ కలిసి ఉండాలి.

ఇది జరిగే పనేనా అని అడిగేవాళ్ళు జహీరాబాద్ పోయి చూడాలి. డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల ఆడవాళ్ళు, ఎక్కువ మంది దళిత ఆడవాళ్ళు, ఇప్పటికీ కలగలుపు చేలు చేస్తున్నారు. విత్తనాలు బూడిద, వేపాకు కలిపి దాచుకుంటారు, ఏటా సంక్రాంతి వేళ వాటిని ఎడ్లబండ్ల మీద ఊరూరా తిప్పుతూ పాత పంటల జాతర చేస్తారు. 1990ల మధ్యలో వాళ్ళే పడావు భూములను సాగులోకి తెచ్చి, అక్కడ పండిన జొన్నలను ఊళ్ళోనే నిల్వ చేసి, కరువు నెలల్లో పేదలకు తక్కువ ధరకు ఇచ్చే సొంత రేషన్ నడిపారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వాళ్ళకు ఈక్వేటర్ ప్రైజ్ ఇచ్చింది. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్ శీతల గదుల్లో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ లాంటి పంటల నమూనాలు 1 లక్షా 20 వేలకు పైగా భద్రంగా ఉన్నాయి. ఆ గదులు కావాలి. కానీ మారుతున్న వానలకూ ఎండలకూ విత్తనం అలవాటు పడేది చేలోనే.

ప్రభుత్వాన్ని నేను కోరేది ఇది. 2025 ఉగాది నుంచి రేషన్‌లో మనిషికి 6 కిలోల సన్నబియ్యం ఇస్తున్నారు. అందులో ఇష్టమున్నవాళ్ళకు ఒక కిలో జొన్నలు ఇవ్వండి. చట్టం అడ్డు రాదు, 2013 ఆహార భద్రతా చట్టంలోనే ముతక ధాన్యాలున్నాయి. పక్కనున్న కర్ణాటక ఉత్తర జిల్లాల్లో జొన్నలు, దక్షిణ జిల్లాల్లో రాగులు రేషన్‌లో ఇచ్చింది. 2025-26కు హైబ్రిడ్ జొన్న మద్దతు ధర క్వింటాలుకు 3,699 రూపాయలు, సాధారణ వరికి 2,369. ధర కాగితం మీద ఉంది, వరికి ఉన్నట్టు ఊరూరా కొనే కేంద్రమే లేదు. అది వస్తే ఊరంతా కలిసి విత్తుతుంది. కంది, అనుములు అంగన్‌వాడీలకూ గురుకులాలకూ కొనండి.

హైటెక్ సిటీలో పనిచేసే మీరు మీ కంపెనీ క్యాంటీన్ వాళ్ళను అడగండి, వారానికి ఒక పూట సంగారెడ్డి జిల్లా చేల జొన్న, కొర్ర, అనుములు వండమని. రాతపూర్వకంగా అడగండి, పదిమంది సంతకాలు పెట్టి అడగండి. వానాకాలం విత్తనం జూన్‌లో పడుతుంది. కొంటామన్న మాట అంతకు ముందే రైతు చెవిన పడాలి.