ఆరు చుక్కలు దాటకముందే

లవ్ బర్డ్స్ పేరుతో బజార్లో జతగా అమ్మే బడ్జీ పిట్ట బరువు సుమారు 30 గ్రాములు. దాని ఒంట్లో ఉన్న రక్తమంతా కలిపి 3 మిల్లీలీటర్లకు మించదు, చిన్న సిరంజి కూడా నిండదు. అందులో పదో వంతు పోయేవరకూ ఆరోగ్యంగా ఉన్న పిట్ట తట్టుకోగలదు. ఆ పదో వంతును చుక్కల్లో లెక్కేస్తే ఆరు. ఏడో చుక్క నుంచి దాని ప్రాణానికి పూచీ లేదు.

శ్రీకాకుళం జిల్లాలోని పలాస, టెక్కలి, ఉద్దానం పల్లెల్లో పిట్టలు పెంచే ఇళ్లవాళ్లంతా గుర్తుపెట్టుకోవాల్సిన లెక్క ఇదొక్కటే. గుర్తుపెట్టుకోనిదీ ఇదే.

పంజరం తలుపు తీసి పిల్లలు పిట్టను గదిలో వదులుతారు. పైన ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది. ఫ్యాను రెక్క తగిలి పిట్ట గోడకు కొట్టుకుని కింద పడుతుంది. ఇక ఇల్లంతా తలో దిక్కు పరుగు. ఒకరు పసుపు డబ్బా తెస్తారు, ఒకరు సున్నం అంటారు, ఇంకొకరు కొబ్బరినూనె సీసా మూత తీస్తారు. పాపం దాహమేస్తుందేమోనని పెద్దావిడ ముక్కు తెరిచి గ్లాసుతో నీళ్లు పోస్తుంది. కుర్రాడు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే, చేతులు జోడించిన బొమ్మలు పాతిక వస్తాయి. చివరికి ఇంటాయన తేల్చేస్తాడు: ‘డాక్టరుకిచ్చే డబ్బుతో ఇంకో జత వస్తుంది.’ ఇంత జరిగేలోపు ఆరు చుక్కలు ఎప్పుడో దాటిపోయి ఉంటాయి. గాయాన్ని వేలితో అదిమిపట్టినవాళ్లు మాత్రం ఒక్కరూ ఉండరు.

డబ్బుకు కటకట అన్న మాటలో అబద్ధం లేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని పడగొట్టింది. కొత్తగా నాటిన చెట్టు కాపుకొచ్చి చేతికి డబ్బు అందాలంటే ఏళ్లు పడుతుంది. ఉద్దానాన్ని పట్టి పీడిస్తున్న కిడ్నీ జబ్బు ఉన్న ఇంట్లో డయాలసిస్‌కు వెళ్లొచ్చే దారిఖర్చులే నెల జీతాన్ని మింగేస్తాయి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలైనా, మంచాన పడినవాడి కూలి డబ్బులు ఎవరూ తెచ్చివ్వరు కదా. అలాంటి ఇంటికి వెళ్లి పిట్ట కోసం వేలు ఖర్చు పెట్టమని ఎవరూ అడగడం లేదు. ఇక్కడ అడుగుతున్నది దెబ్బ తగిలిన మొదటి గంట గురించి. ఆ గంటలో చేయాల్సిన పనులకు రూపాయి అక్కర్లేదు. ‘డబ్బుల్లేవు’ అనేది రెండో గంట నుంచి చెప్పాల్సిన మాట.

రక్తం కారుతుంటే మొదట ఫ్యాను ఆపాలి, తలుపులు మూయాలి. పిట్టను మెత్తటి నూలుగుడ్డలో పట్టుకుని, గాయం మీద శుభ్రమైన గుడ్డముక్క పెట్టి వేలితో మెల్లగా అదమాలి. మూడు నాలుగు నిమిషాలు వేలు తీయకూడదు. ఆగిందో లేదో చూద్దామని మాటిమాటికీ ఎత్తితే కట్టిన రక్తం మళ్లీ ఊడిపోతుంది. పట్టుకోవడంలోనూ ఒక జాగ్రత్త ఉంది. పక్షికి మనిషికున్నట్టు ఉదరవితానం ఉండదు, ఛాతీ ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి ఊపిరి. భయపడి ఎగిరిపోతుందేమోనని గుప్పిట బిగిస్తే, గాయంతో చావని పిట్ట ఆ గుప్పిట్లోనే చస్తుంది. గోరు విరిగి రక్తం వస్తే మైదాపిండో మొక్కజొన్నపిండో చిటికెడు అద్ది నొక్కితే చాలు. తెరుచుకున్న పుండు మీద మాత్రం ఏ పిండీ వద్దు. సున్నం అసలే వద్దు. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్లను అడిగితే చెబుతారు, ఆ రసం అంటిన చర్మం ఎలా పొక్కుతుందో. పిట్ట పుండు మీద సున్నం అంతకన్నా తక్కువేం కాదు.

పుండు కడగడానికి, కాచి చల్లార్చిన అర లీటరు నీళ్లలో చెంచాడు ఉప్పు కలిపితే సరిపోతుంది. బెటాడిన్ ఉంటే నీళ్లలో లేత టీ రంగు వచ్చేదాకా పలచన చేసి వాడొచ్చు.

కొబ్బరి సీమలో కొబ్బరినూనె వద్దంటే ఎవరికీ రుచించదు. అయినా వద్దు. నూనె తగిలిన ఈకలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఒంటి వేడిని ఆపలేవు. పక్షి ఒంటి వేడి 40 డిగ్రీల పైన. దెబ్బతిన్నప్పుడు ఆ వేడి నిలుపుకోలేకనే అది ఈకలు ఉబ్బించుకుని ముడుచుకు కూర్చుంటుంది. కాబట్టి రక్తం ఆగాక దానికి కావలసింది వెచ్చదనం, చీకటి, నిశ్శబ్దం. పలాసలో జీడిపప్పు అట్టపెట్టెలకు కరువా? ఒక పెట్టెకు పక్కల్లో చిల్లులు పొడిచి, అడుగున పాత నూలుగుడ్డ పరిచి, గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి ఒక మూల పెడితే చాలు. వేడి ఎక్కువైతే పిట్ట రెండో మూలకు జరిగేలా చోటుండాలి. పెట్టెలో బల్బు పెట్టమనే పాత సలహా ఇప్పుడు పనిచేయదు. ఇళ్లలో ఉన్నవన్నీ ఎల్ఈడీలే, వాటికి వెలుగే తప్ప వేడి ఎక్కడిది? మే నెల మధ్యాహ్నమైతే సీసా అక్కర్లేదు, నీడ చాలు. నీళ్లు ముక్కులో పోయకూడదు, గాలిగొట్టం తెరుచుకునేది నాలుక మొదట్లోనే గనుక అవి నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సీసా మూతలో పోసి పక్కన పెడితే తేరుకున్నాక అదే తాగుతుంది. పెట్టె మూత మూశాక పదిసార్లు తొంగిచూసే పిల్లల్ని కాస్త అదుపు చేయడం పెద్దల పని.

ఇక నొప్పి బిళ్లలు. మనిషికి పనిచేసింది పిట్టకూ పనిచేస్తుందని బిళ్లను పొడిచేసి చిటికెడు తాగించేవాళ్లు చదువుకున్న ఇళ్లలోనూ ఉన్నారు. ఉద్దానంలో ఈ మాట రెండోసారి చెప్పాల్సి రావడమే విచిత్రం. ఇక్కడి కిడ్నీ జబ్బుకు కారణం ఇప్పటికీ పూర్తిగా తేలలేదు గానీ, నొప్పి బిళ్లలు ఇష్టమొచ్చినట్టు మింగొద్దని డాక్టర్లు మొత్తుకోని రోజు లేదు. అదే మందు పక్షుల కిడ్నీల్ని ఏం చేస్తుందో దేశమంతా చూసింది. పశువులకు వేసిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల్లో మిగిలి, వాటిని తిన్న రాబందుల కిడ్నీలను పాడుచేసింది. ఒకప్పుడు ఆకాశం నిండా కనిపించిన రాబందులు నూటికి తొంభైకి పైగా తుడిచిపెట్టుకుపోయాయి. కారణం ఆ మందేనని 2004లో శాస్త్రవేత్తలు తేల్చారు, 2006లో భారత ప్రభుత్వం పశువైద్యంలో దాన్ని నిషేధించింది. అంత పెద్ద రాబందే తట్టుకోలేకపోయింది, ఇది 30 గ్రాముల పిట్ట. సొంత మనుషుల కిడ్నీల కోసం అంతగా అల్లాడే ఉద్దానం, పంజరంలోని పిట్టకు అదే బిళ్ల నూరిపోస్తుంటే ఏమనాలి?

పక్షుల్ని చూసుకోవడం తెలియని సీమ కూడా కాదిది. టెక్కలి మండలం తేలినీలాపురానికి ఏటా చలికాలంలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు వచ్చి, ఊళ్లోని చింతచెట్ల మీద గూళ్లు కట్టి పిల్లల్ని పెంచుకుని పోతాయి. అవి సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో అందరూ చెప్పుకుంటారు. పక్షి శాస్త్రం తెలిసినవాళ్లు ఆ మాట ఒప్పుకోరు, ఆ రెండు జాతులూ మన దేశంలోనే పుట్టి పెరిగేవంటారు. ఎక్కడివైతేనేం, ఆ ఊరు వాటిని ఇంటి ఆడపడుచుల్లా చూసుకుంటుంది, అవి వస్తే పంటలు బాగుంటాయని నమ్ముతుంది. 2021 చివర్లో, 2022 మొదట్లో అక్కడ నూటికి పైగా గూడబాతులు చనిపోయాయి. చేపల ద్వారా ఒంట్లో చేరిన నులిపురుగులే కారణమని అధికారులు చెప్పారు. ఆ చావుల్ని ఏ అట్టపెట్టే ఆపలేకపోయేది. కానీ పత్రికల్లో ఆ వార్త చదివి కన్నీళ్లు పెట్టినవాళ్ల ఇళ్లలోనే, ఆపగలిగిన ఆరు చుక్కలు నేల మీద కారిపోతున్నాయి. గూడబాతు వార్తకెక్కుతుంది, పంజరంలో పిట్ట ఎక్కదు. తేడా అంతేనా?

ఇంట్లో పని చాలని దెబ్బలూ ఉన్నాయి. పిల్లి నోట చిక్కి బయటపడిన పిట్ట పైకి గాయం లేకపోయినా ఆ రోజే డాక్టరు చేతికి చేరాలి. పిల్లి పళ్ల నుంచి రక్తంలో చేరే సూక్ష్మజీవులు ఒకటి రెండు రోజుల్లో చంపేస్తాయి, యాంటీబయాటిక్ తప్ప దారి లేదు. రెక్క వేలాడుతుంటే మామూలుగా ముడిచే తీరులోనే ఒంటికి ఆనించి, మెత్తటి గుడ్డపట్టీ వదులుగా చుట్టొచ్చు. చేతకానివాళ్లు కట్టకుండా పెట్టెలో ఉంచడమే మేలు. అతుక్కునే ప్లాస్టర్ మాత్రం ఈకల్ని ఊడపీకుతుంది. పక్షి ఎముకలు మూడు వారాల్లోనే అతుక్కుంటాయి, వంకరగా అతుక్కుంటే ఇక ఎగరడం ఉండదు. అందుకే ఆలస్యం పనికిరాదు. పెరటి కోడికీ ఇవే జాగ్రత్తలు. రక్తం విషయంలో దానికి గడువు కాస్త ఎక్కువ, ఇంటికి అది తెచ్చే గుడ్ల డబ్బు కూడా ఎక్కువే.

డాక్టరు అనగానే విశాఖలోని ఖరీదైన క్లినిక్కే కళ్ల ముందు ఆడాల్సిన పనిలేదు. ప్రభుత్వ పశువైద్యశాల గేదెలకే అని ఎక్కడా రాసి లేదు. 2022 మేలో మొదలైన సంచార పశువైద్య వాహనాల కోసం 1962 నంబరుంది, ఆ ఫోనుకు ఖర్చు లేదు. ఇంకా పెద్ద వైద్యం కావాలంటే విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది, పలాస నుంచి వెళ్లే రైలు మార్గంలోనే.

రామచిలుకల సంగతి వేరు. వాటిని పెంచడమే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. కేసవుతుందన్న భయంతో దెబ్బతిన్న చిలుకను గుట్టుగా చావనిచ్చే ఇళ్లున్నాయి. ఆ భయమేదో కొనేముందు ఉండాల్సింది. దారిలో దెబ్బతిన్న అడవి పక్షి దొరికితే పెట్టెలో భద్రంగా ఉంచి 48 గంటల్లోగా అటవీ సిబ్బందికో, దగ్గరి పోలీసు స్టేషనుకో తెలపాలని చట్టమే చెబుతోంది.

ఒకటి కాదు, నాలుగైదు పక్షులు ఒకేసారి తూలి పడిపోతుంటే మాత్రం ఈ ప్రథమ చికిత్స ఏదీ చేయకూడదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్లఫారాల్లో బర్డ్ ఫ్లూ ఏం చేసిందో తెలిసిందే. ముట్టుకోకుండా పశుసంవర్ధక శాఖకు చెప్పాలి. మామూలు గాయమైనా తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

ఈ విజ్ఞప్తి అడుగుతున్నది పెద్దదేమీ కాదు. పలాస, కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారులు ఖాళీ అట్టపెట్టెలు కొన్ని దగ్గర్లోని బడులకు ఇవ్వాలి. మందుల దుకాణాలవాళ్లు ఒక్కో పెట్టెలో ఒక గాజుగుడ్డ చుట్ట, చిన్న బెటాడిన్ సీసా వేయాలి. మిగతావి, అంటే పాత నూలుగుడ్డ, మూత ఉన్న నీళ్ల సీసా, పొట్లం కట్టిన చెంచాడు మైదాపిండి పిల్లలే ఇళ్ల నుంచి తెస్తారు. టెక్కలి, మందస, సోంపేట, కవిటి, వజ్రపుకొత్తూరు బడుల్లో ఈ పని సంక్రాంతి సెలవులకు ముందే, పక్షుల రెక్కల్ని కోసే గాలిపటాల దారాలు ఆకాశంలోకి లేవకముందే అయిపోవాలి. పెట్టె మూత మీద స్కెచ్ పెన్నుతో మూడు ముక్కలు రాస్తే చాలు: గుడ్డతో అదుము, ముక్కులో నీళ్లు పోయకు, 1962.