కొర్రమట్ట కాపలా

మా ఇచ్చోడకు సముద్రం బహుదూరం. అయితేనేం, కొర్రమట్ట ఉండగా గాలగాడికి సముద్రంతో పనేమిటి? నీటిపైకి వచ్చి గాలి పీల్చుకునే మొండిచేప అది. 2016లో తెలంగాణ రాష్ట్ర చేప అయింది కూడా. చిన్న కప్పను గాలానికి గుచ్చి, నాచు పక్కన గెంతిస్తే చాలు, ఎగిరి అందుకుంటుంది.

ఒక్క మనవి. వానాకాలంలో చెరువు అంచున ఎర్రని పిల్లలు గుంపుగా నీటిపై మెదులుతుంటాయి. వాటి కిందనే పెద్దచేప కాపలా కాస్తుంటుంది. దగ్గరికేది వచ్చినా, చివరికి గాలమైనా సరే, మీదపడి కరుస్తుంది. అప్పుడు దాన్ని పట్టడం బహు సులువు. పట్టామా, పిల్లల గుంపు కొంగలకూ పాములకూ ఫలహారమే! ఆ పూట దాన్ని గాలానికి రప్పించేది ఆకలి కాదు, మమకారం సుమండీ.

ఎర్రగుంపు కనబడితే నేను గాలం చుట్టేస్తాను. మీరూ చుట్టేయండి. వచ్చే ఏడు చెరువే వడ్డీతో తీరుస్తుంది.